రేకుల కింద మేకలు

అల్ఫారెట్టా, జార్జియా
ఆగస్టు 9

అనంతపురం మొదలుకొని ఆఫ్రికా వరకు భూమికి బెజ్జాలు వేసిన బోరుబావుల భగీరథులు, మహారాజశ్రీ పరంధామయ్య మామకి,

మేనకోడలు దేదీప్య వ్రాయునది ఏమనగా, ఇచ్చట నేను, నా ఎలర్జీలు, ఫోర్ హండ్రెడ్ హైవే మీద ట్రాఫిక్ అందరం క్షేమం.

వాట్సాప్ ఉండగా ఈ మెయిలేమిటని కంగారుపడకు. ఫ్యామిలీ గ్రూపులో రాస్తే అమ్మ చదువుతుంది. అమ్మ చదివితే కదిరి మొత్తం చదివినట్టే. పైగా నీకు సిగ్నల్ దొరికేది ఆదివారం, అదీ పెట్రోల్ బంకు దగ్గర. కాబట్టి ఇకమీదట పెద్ద ఉత్తరాలే రాసుకోవాలని తీర్మానించడమైనది. తీర్మానం ఏకగ్రీవం. సభలో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇక అసలు వార్త. మామా, నువ్వు ధనవంతుడివైపోయావు.

మా కంపెనీ ఏం చేస్తుందో చెప్తే "ఆకాశంలో కూర్చుని అద్దె ఇళ్ళు వెతుకుతారా పాపా" అన్నావు, గుర్తుందా? దాదాపు అంతే. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఇంటి కప్పులు లెక్కపెడతాం. గడ్డి పోయి ఇనప రేకు వచ్చిందంటే ఆ ఇంట్లో నాలుగు డబ్బులు ఆడుతున్నాయని అర్థం. రేకులు పెరిగితే ఊరు పెరిగినట్టు, ఊళ్ళు పెరిగితే దేశం పెరిగినట్టు, దేశాలు పెరిగితే మా బాసు గ్రెగ్‌కి బోనస్ పెరిగినట్టు. ఈసారి ఆఫ్రికా ఖండమంతా నాలుగువేల చిన్న పట్టణాలు లెక్కపెట్టి రిపోర్టు వేశాం. ఏ ఊరికి సాయం చేయాలి, ఏ ఊరికి ఆపాలి అని తేల్చే పెద్ద సంస్థలు దాన్ని కొనుక్కుంటాయి.

అందులో మూడో స్థానం ఎవరిదనుకున్నావ్? ములేకా! జాంబియాలో నువ్వుంటున్న ములేకా! పద్నాలుగు నెలల్లో రేకుల కప్పులు రెండువందల పన్నెండు నుంచి తొమ్మిదివందల మూడుకి ఎగబాకాయి. ఇంత సంపద మధ్య కూర్చుని మొన్న ఫోన్లో "చెప్పు తెగింది, కుట్టించుకుంటున్నా" అన్నావే, నీకు సిగ్గుందా?

నవంబరులో పార్సిప్పనీలో క్లయింటు ముందు ఈ రిపోర్టు గురించి నేనే మాట్లాడాలి. కొత్త కప్పులు మెరుస్తూ కనపడేలా ఒక ఫొటో తీసి పంపు. కింద నువ్వు కూడా నిలబడు, కుట్టించుకున్న చెప్పులతో.

అన్నట్టు అక్టోబర్ ఒకటి నుంచి నేను హెచ్1బి మనిషిని. అమ్మ ఇప్పటికే కదిరిలో చక్కెర పంచేసింది.

ఇట్లు,
ధనవంతుడి మేనకోడలు
దీపు


ములేకా
ఆగస్టు 24

పాపా దీపూ,

నీ ఉత్తరం బంకు దగ్గర నిలబడి రెండుసార్లు చదివినా. మేం ధనవంతులమైన సంగతి ఊరందరికీ చెప్పినా. నీళ్ళ వరసలో నిలబడినోళ్ళకి చెప్పినా, ఎందుకంటే పొద్దున లేస్తే ఊరు మొత్తం ఉండేది ఆడనే.

ఊరు పెరగలేదని నేననను. నేనొచ్చిన ఐదేళ్ళలో నా కళ్ళముందర పెరిగింది. టమోటాలమ్మే ఆడమనిషి ఫోన్లోనే డబ్బు తీసుకుంటాది. జుట్టు అల్లే దుకాణాలు ఏడైనాయి. నర్సు చదువుకు పట్నం పోయిన ఆడపిల్లలు ముగ్గురు. పోయినోళ్ళు సెలవలకొచ్చి అమ్మలకి ఇంగ్లీషులో బుద్ధి చెప్తారు, అచ్చం నీ మాదిరే. అన్నీ పెరిగినాయి. చేతిపంపు మాత్రం ఒకటే. అది కూడా నీళ్ళకన్నా ఎక్కువ దగ్గుతాది.

బానా ముతాలే గురించి చెప్పినా కదా. అంటే ముతాలే వాళ్ళమ్మ. మన మాదిరే ఈడ కూడా తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. నీళ్ళ కమిటీకి ఆమె పెద్ద. నాకు రెండుపూటలా తెల్ల సంగటి కెలికి పెట్టేదీ ఆమెనే. దాన్ని ఎన్‌షిమా అంటారు, పేరు మారింది గానీ ముద్ద మారలేదు.

ఏప్రిల్లో ఈ ఊరికి మా కంపెనీ మూడు బోర్లు వేసింది. రెండు దుమ్ము లేచినాయి. మూడోది రెండొందల అడుగులకే మూడించుల నీళ్ళు! పాపా, అనంతపురంలో ఏడొందల అడుగులు పోయినా తడి తగలక, రైతు రిగ్గు బండి టైరుకి ఆనుకుని కూలబడేది చూసినోణ్ణి. ఈడ ఆ నీళ్ళు ఎగిసి నా మొహాన కొడితే, బానా ముతాలే నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి నా మొహం తుడిచింది. ఇనపమూత బిగించి, "జులైలో మోటరొస్తాది, కొళాయిలొస్తాయి" అని నా నోటితో చెప్పినా.

జులై పోయింది. మొన్న కాగితమొచ్చింది. డబ్బిచ్చే సంస్థ ములేకాని పేద ఊళ్ళ పట్టీలోంచి తీసేసిందంట. కారణం, రేకుల కప్పులు. రెండువందల పన్నెండు, తొమ్మిదివందల మూడు. నీ ఉత్తరంలో ఉన్న అంకెలే. మోటరు రాదు. వాడకం లేని బోరు ఉంచకూడదని రూలు ఉంది కాబట్టి, నవంబరు ముప్పై లోపల దాన్ని సిమెంటుతో పూడ్చి ఫొటో పంపమని నాకు ఆర్డరు.

నీళ్ళు పడిన బోరు. నా చేత్తో. సిమెంటు.

ఆ కప్పులు లెక్కపెట్టినోడెవడో పేరు కనుక్కుని రాయి. మంచిగా మాట్లాడతా. మంచికి వినకుంటే కదిరి మాదిరి మాట్లాడతా.

ఫొటో సంగతి తర్వాత.

నీ మామ
పరంధామయ్య


అల్ఫారెట్టా
సెప్టెంబరు 6

మామా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఎవరికీ కనపడకుండా మీటింగ్‌లో కెమెరా ఆపేశాను.

పేరు అడిగావు. అదంత తేలిక కాదు. ఇది పెద్ద టీమ్. ఒకరు ఫొటోలు తెస్తారు, ఒకరు శుభ్రం చేస్తారు, ఒకరు కోడ్ రాస్తారు, ఒకరు రంగులు వేస్తారు. తప్పు జరిగితే అది ఎవరి సీటు దగ్గరా దొరకదు. పెళ్ళిలో చెప్పులు పోయినట్టు, అందరూ అక్కడే ఉంటారు, ఎవరూ చూడరు. మానవజాతి నిప్పు తర్వాత కనిపెట్టిన గొప్ప విషయం ఇదేనని నా వినమ్ర అభిప్రాయం.

అయితే ఒకటి అడుగుతాను, కోప్పడకు. కప్పులు ఉన్నాయా, లేవా? కంప్యూటర్‌కి మీ ఊరి మీద పగేం లేదు. దాదాపు ఏడొందల కొత్త కప్పులు వాన కురిసినట్టు పైనుంచి పడవు కదా? ఎవరో కొన్నారు, ఎవరో వేయించారు. అన్ని రేకులు కొనగలిగిన ఊరు ఒక మోటరు కొనుక్కోలేదా అని క్లయింటు అడిగితే మేమేం చెప్పాలి? నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు. ఆ కప్పుల గురించి మాత్రం నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. టమోటాలున్నాయి, జడలున్నాయి, సంగటి ఉంది, కప్పులు లేవు. నువ్వు దేన్నైనా దాస్తే నాకు తెలిసిపోతుంది మామా, చిన్నప్పుడు నా కిడ్డీ బ్యాంకు పగలగొట్టి సిగరెట్లు కొనుక్కున్నది నువ్వే.

నా రూమ్‌మేట్ నైనిక భుజం మీంచి నీ ఉత్తరం చదివి "మీ మామ భలే తిడతారే" అంది. ఇది తిట్టడం కాదు, గొంతు సవరించుకోవడం అని చెప్పాను.

ఇట్లు,
పెద్ద టీమ్‌లో చిన్న మనిషి
దీపు


ములేకా
సెప్టెంబరు 28

దీపూ,

నీ ప్రశ్న బానా ముతాలేకి చదివి చెప్పినా.

"మీ మేనకోడలు ఎంత ఎత్తు నుంచి చూస్తాది?" అనింది.

"చానా ఎత్తు నుంచి."

"అంత ఎత్తుకు పోయినమ్మాయికి నీళ్ళ వరస కనపళ్ళేదా? అది ఏ కప్పుకన్నా పొడుగే కదా."

నీ దగ్గర జవాబుంటే రాయి.

ఆ తర్వాత ఆమె ఊరి బయట షెడ్ల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. నాలుగు మాటలనింటే బాగుండు.

సరే, విను. పోయినేడు రోడ్డు వెడల్పు చేస్తామని సర్వేవాళ్ళొచ్చి ఎర్ర రంగు గూటాలు కొట్టిపోయినారు. మనూళ్ళో కాలువ తవ్వేటప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చేను పోయినోడి చేతిలో చిల్లర పెట్టి, షెడ్డు పోయినోడికి చెక్కిచ్చినారు. వారం తిరిగేలోపల వేరుశెనగ చేలల్లో షెడ్లు మొలిచినాయి. మా నాయన రెండు ఏసినాడు. మా ఇంట్లో గేదె లేదు, గేదెల షెడ్లు మాత్రం రెండు. అది గుర్తుండి, ఒకనాడు బానా ముతాలే వాకిట్లో కూర్చుని పెద్ద తెలివైనోడి మాదిరి చెప్పినా: "నాలుగు గుంజలు పాతి పైన రేకులేయండి. కట్టడముంటే పరిహారముంటాది."

ఈడ కూడా ఆడోళ్ళు చీటీలేస్తారు. చీటీలెత్తినారు, కోళ్ళమ్మినారు, రేకులు తెచ్చినారు. రోడ్డోళ్ళు మళ్ళీ రాలేదు. రోడ్డు ఇంకో దిక్కు పోయిందంట. రేకులు మిగిలినాయి.

ఫొటో అడిగినావు, పెడుతున్నా. గోడల్లేవు, తలుపుల్లేవు. నీడకి మేకలు పడుకున్నాయి. మీ లెక్కలో ఇది ఒక ఇల్లు.

నా తెలివి వల్ల ఈ ఊరి నీళ్ళు పోయినాయి. నేను చేసింది నేనొప్పుకున్నా. ఇప్పుడు లెక్కపెట్టినోడి పేరు చెప్పు. వాడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఫోన్ చేసి "ఆ కప్పుల కింద ఎవరుంటారు" అని అడిగింటే సరిపోయేది. మళ్ళీ పెద్ద టీమ్ అని రాయొద్దు.

పరంధామయ్య


అల్ఫారెట్టా
అక్టోబరు 5

మామా,

ఆ మనిషి పేరు దేదీప్య.

టీమ్ ఉంది, నిజమే. కానీ కప్పులు లెక్కపెడదామన్న ఆలోచన నాది. మా వీధి చివర కొట్టాల్లో ఏడాదికొక కప్పు మారేది, గుర్తుందా? రేకులు వేసిన ఇంటికి అదే ఏడాది టీవీ వచ్చేది, ఆ ఇంటి ఆడపిల్ల కాలేజీలో చేరేది. అదే గ్రెగ్‌కి చెప్పాను. "లోకల్ నాలెడ్జ్!" అని మురిసిపోయాడు. వాడి దృష్టిలో కదిరి, ములేకా ఒకే వీధిలో ఉంటాయి. నాకు తేడా తెలుసు. నేనూ చెప్పలేదు.

ఇంకొకటి. మార్చిలో ఈ ఫొటోలు తనిఖీ చేసింది నేనే. మనుషులుండే ఇంటికి తొక్కుడు దారి ఉంటుంది. వాకిలి నుంచి పంపు దాకా, పంపు నుంచి బడి దాకా, సన్నగా, తెల్లగా, పైనుంచి బాగా కనపడుతుంది. ఆ ఊరి బయట కప్పులకి ఒక్క దారీ లేదు. చూశాను. రెండు నిమిషాలు చూశాను. అల్ఫారెట్టాలో ఏ ఇంటికీ తొక్కుడు దారి ఉండదు. గరాజ్ తెరుచుకుంటుంది, కారు వస్తుంది, గరాజ్ మూసుకుంటుంది. మూడేళ్ళకే నా కళ్ళు ఈ ఊరి కళ్ళయిపోయాయి. "పట్టించుకోనక్కర్లేదు" అన్న బటన్ ఉంటుంది, నొక్కి తర్వాతి ఊరికి వెళ్ళిపోయాను. పేరు కూడా చదవలేదు. ఆ ఊరు నీది కాకపోయుంటే ఇప్పుడైనా బాధపడేదాన్నా అని అడగకు. రోజూ నేనే అడుక్కుంటున్నాను.

నీ ఫొటో గ్రెగ్‌కి చూపించాను. "గ్రేట్ క్యాచ్! నెక్స్ట్ ఎడిషన్‌లో చూద్దాం" అన్నాడు. నెక్స్ట్ ఎడిషన్ మార్చిలో. సిమెంటు నవంబరులో. మీ ఊరిని పట్టీలోంచి తీసేసిన సంస్థే మా క్లయింటు, వాళ్ళకి ఇప్పుడే చెప్దామన్నాను. "దీపూ, నీ హెచ్1బి పేపర్లలో ఈ రిపోర్టునే నీ ముఖ్యమైన పనిగా చూపించాం కదా" అన్నాడు. బెదిరించలేదు మామా. చాలా ప్రేమగా గుర్తుచేశాడు, తల్లి పిల్లకి స్వెటర్ గుర్తుచేసినట్టు.

నాకు భయంగా ఉంది. జోకు తట్టట్లేదు. తట్టాక రాస్తాను.

దీపు


ములేకా
అక్టోబరు 19

దీపూ,

"నాకు నీమీద కోపం లేదు" అని రాసి చెరిపేసినా. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేసినా. ఉంది.

చూడనోడి మీద నాకు కోపమెందుకు? గుడ్డోడు వాడు. నువ్వు చూసినావు. కొట్టాలు తెలిసినదానివి, తొక్కుడు దారి తెలిసినదానివి, రెండు నిమిషాలు చూసినావు. చూసి నొక్కినావే, దానికి.

బానా ముతాలే మనవరాలు ఏటి గుంటలో నీళ్ళు తాగి ఆసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చింది. బతికింది. బతికింది కాబట్టి ఏ రిపోర్టులోనూ కనపడదు.

సిమెంటు ఇరవై బస్తాలు దిగినాయి. వానలొచ్చే కాలం కదా, తడవకుండా ఒక షెడ్డు కింద పెట్టినాం. నేను ఏయించిన షెడ్డు, నువ్వు లెక్కేసిన షెడ్డు. దానికి ఇన్నాళ్ళకి పని దొరికింది. మేకల్ని తోలేసినాం.

ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. చెప్పే మొహం నాకు లేదు, నా ఉద్యోగం నేను పట్టుకునే ఉన్నా. మీ అమ్మకి కూడా ఏం చెప్పలేదు. అక్క పంచిన చక్కెర తీపి అట్లే ఉండనీ.

పరంధామయ్య


పార్సిప్పనీ, న్యూజెర్సీ
నవంబరు 12

మామా,

జోకు తట్టింది. కాకపోతే వేసింది నేను కాదు.

గ్రెగ్ ఇరవై రెండు స్లైడులు ఇచ్చాడు. పద్నాలుగోది ములేకా. దాన్ని తీసేసి నీ ఫొటో పెట్టాను. నాలుగు గుంజలు, పైన రేకులు, కింద పదకొండు మేకలు. అన్నాను: "ఈ ఇంట్లో ఉంటున్న కుటుంబం ఇదే. రోడ్డు పరిహారం కోసం వేసిన ఇలాంటి ఇళ్ళు దాదాపు ఏడొందలు. లెక్కపెట్టింది నేనే, తప్పు లెక్కపెట్టాను. నా అంకె వల్ల ఈ ఊళ్ళో నీళ్ళు పడిన బోరుని నెలాఖరున సిమెంటుతో పూడుస్తున్నారు. మీరు ఒక్క ఫోన్ చేస్తే ఆగుతుంది."

బల్ల చుట్టూ పదిహేనుమంది. గ్రెగ్ తన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు, దాంట్లో ఏదో ఖండం మునిగిపోతున్నట్టు. తర్వాత చప్పట్లు కొట్టారు మామా.

చప్పట్లు!

ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒకావిడ "ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ" అంది. ఇంకొకాయన లేచి, పరిహారం కోసం షెడ్లు వేయడం గొప్ప ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అనీ, దాన్ని కూడా కొలిచే మార్గం చూడమనీ అన్నాడు. మేకలు ఉపగ్రహానికి కనపడతాయా అని ఒకరు అడిగారు. నిజంగా అడిగారు.

నేను "బోరు" అన్నాను. "అబ్సల్యూట్లీ" అన్నారు. "ఈ నెలాఖరు" అన్నాను. "అబ్సల్యూట్లీ! వచ్చే వేసవిలో ఒక టీమ్‌ని పంపి వెరిఫై చేయిస్తాం" అన్నారు. "అప్పటికి పూడ్చేస్తారు" అన్నాను. ఆ ఫోన్ చేసే డిపార్ట్‌మెంట్ వేరేనట. దాని హెడ్ లీవ్‌లో ఉన్నాడట. తర్వాత లంచ్ వచ్చింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాడితో పోట్లాడొచ్చు. చప్పట్లు కొట్టేవాణ్ణి ఏం చేస్తాం? వంగి థాంక్యూ చెప్పాలి. చెప్పాను కూడా, అలవాటుగా. ఆ థాంక్యూ గుర్తొచ్చినప్పుడల్లా నా నోట్లో నేనే సబ్బు పెట్టుకోవాలనిపిస్తోంది.

సాయంత్రానికి రిపోర్టు కొత్త కాపీ వచ్చింది. ములేకా ఉంది, మూడో స్థానంలో, చెక్కుచెదరకుండా. రాసినవాళ్ళ జాబితాలో నా పేరు లేదు. ఉద్యోగం ఉంది, ఇప్పటికి. "నెక్స్ట్ టైమ్ కొంచెం ముందు చెప్పు" అన్నాడు గ్రెగ్ కార్లో, అంతే. సోమవారం నుంచి నేను కొత్త ఊళ్ళ వైపు కన్నెత్తి చూడనక్కర్లేదు, పాత పట్టికల్లో గడులు నింపితే చాలు. గ్రీన్ కార్డ్ మాట ఇప్పుడొద్దన్నారు.

ఒళ్ళు మండిపోయి హోటల్ బయట నడవడం మొదలుపెట్టాను. ఈ ఊళ్ళో నడిచే మనిషి వింత జంతువు. పావుగంటకి ఒక మినీవ్యాన్ ఆగింది. అద్దం దిగింది.

"తెలుగమ్మాయివేనా? ఏమ్మా, కారు పాడైందా?"

"లేదాంటీ, నడుస్తున్నా."

"ఎందుకూ?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పేరు రాజేశ్వరమ్మట, పక్క అపార్ట్‌మెంట్స్‌లో ఉంటుందట. ఇంకేం అడగలేదు. వెనక సీట్లోంచి నీళ్ళ బాటిల్ తీసి చేతిలో పెట్టి, "ముందు తాగు" అంది. పదిహేనుమందికి పూటంతా కూర్చున్నా చేతకానిది ఆవిడ నిమిషంలో చేసింది. ఆగింది, అడిగింది, నీళ్ళిచ్చింది.

నేను చేయగలిగింది అయిపోయింది మామా. ఏమీ జరగలేదు. సిమెంటు నీ దగ్గరుంది. ఏం చేయమని చెప్పే మొహం నాకూ లేదు.

దీపు


ములేకా
డిసెంబరు 7

పాపా దీపూ,

నీ ఉత్తరం బంకు దగ్గర చదివి, అట్లే పోయి బానా ముతాలేకి చెప్పినా. మేకలు పైనుంచి కనపడతాయా అని అడిగినారంటే పడీపడీ నవ్వింది. నవ్వు ఆగినాక, "చప్పట్లతో గొంతు తడవదు. మా కప్పులు ఎంతకి పోతాయి?" అనింది.

నాకు తట్టలేదు దీపూ. ఏడాదిగా ఆ రేకుల్ని చూస్తావుండా, నాకు తట్టలేదు. నీకూ తట్టలేదు. రేకులు కొన్న ఊరు మోటరు కొనుక్కోలేదా అని నువ్వు ఎగతాళికి అడిగింది ఆమె నిజంగానే చేసి చూపించింది.

నీళ్ళ కమిటీ కూర్చునింది. నా మొహం మీదనే ఒకామె "మళ్ళీ ఈ మనిషి సలహానా?" అనింది. "కాదు, ఇది నాది" అనింది బానా ముతాలే. నాలుగు రోజుల్లో షెడ్లన్నీ విప్పేసినారు. ఆడోళ్ళు గుంజలెక్కి మేకులు పీకుతావుంటే మగోళ్ళు కింద నిలబడి రేకులందుకున్నారు. కిట్వే పట్నం నుంచి వ్యాపారి లారీలేసుకుని వచ్చినాడు. బేరం ఆమె ఆడింది. ఆయప్ప నీళ్ళడిగితే, "బేరం కుదిరినాక తాగుదువు" అనింది. ఆ డబ్బుతో మోటరొచ్చింది, సోలారు ప్యానెళ్ళొచ్చినాయి, కొళాయిలు నాలుగొచ్చినాయి.

ఇక సిమెంటు. నవంబరు ఇరవై తొమ్మిదిన ఇరవై బస్తాలూ కలిపినాం. బోరులో పోయలేదు. బోరు చుట్టూ పోసినాం. కొళాయిల కింద గట్టు కావాలి కదా, బురద కాకుండా. తడిగా ఉన్నప్పుడే పైనుంచి ఫొటో తీసి కంపెనీకి పంపినా, "ఇరవై బస్తాలు పూర్తిగా వాడబడినవి" అని రాసి. అబద్ధం ఒక్క అక్షరం లేదు. "గుడ్ వర్క్" అని జవాబొచ్చింది. వాళ్ళూ పైనుంచే చూసినారు పాపా. కింద ఏముందని ఎవరూ అడగలేదు. తెలిసినరోజు నా ఉద్యోగం పోతాది. పోనీ. నీళ్ళు పడిన బోరుని పూడ్చినోడని నా పేరు ఉండదు, అది చాలు.

ఐదో తేదీన నీళ్ళొచ్చినాయి. మొదటి క్యాను బానా ముతాలే మనవరాలు పట్టింది. ఆ పిల్ల సిమెంటు తడిగా ఉన్నప్పుడే గట్టు మీద మేక బొమ్మ గీసిపెట్టింది. మేకలకి నీడ పోయిందని కోపమంట.

నీమీద కోపం పోయిందా అంటే, ఇంకా కొంచెం ఉంది. సంగటి మాదిరి, చల్లారేదానికి టైము పడతాది.

మీ ఉపగ్రహం ఈసారి వచ్చినప్పుడు మా ఊరి మీద ఆ కొత్త కప్పులుండవు. కుప్పకూలిపోయినామని రాస్తారేమో. భయపడొద్దు.

నీ మామ
పరంధామయ్య


అల్ఫారెట్టా
మార్చి 2

మహారాజశ్రీ మామకి,

జోకు వేసే ఓపిక కొంచెం వచ్చింది. కోపం తగ్గి కాదు, రెండూ కలిసి ఉండడం నేర్చుకున్నాయి, నేనూ నైనికా ఒకే వంటగదిలో ఉన్నట్టు.

నువ్వన్నట్టే అయింది. ఖండం మొత్తం మీద నాలుగువేల ఊళ్ళలో అందరికన్నా ఘోరంగా పడిపోయింది ములేకా. తొమ్మిదివందల మూడు కప్పుల నుంచి రెండువందల ముప్పైకి. మ్యాప్ మీద ఎర్రటి చుక్క. గ్రెగ్ పరుగున వచ్చాడు, కళ్ళు వెలిగిపోతున్నాయి. కూలిపోయిన ఊరికి ఎదిగిన ఊరికన్నా గిరాకీ ఎక్కువ. "ఏమైంది అక్కడ? యుద్ధమా?" అన్నాడు. పోయినేడాది ఎందుకు పెరిగిందని అడగని మనిషి, ఎందుకు పడిపోయిందని ఎంత ఆత్రంగా అడిగాడో చూడాలి.

గడులు నింపడమే కదా ఇప్పుడు నా పని. ఊరి పేరు పక్కన కారణం ఎంచుకోవాలి. నొక్కితే జాబితా తెరుచుకుంటుంది: యుద్ధం, కరువు, వరద, అంటువ్యాధి, వలస. పైనుంచి కింద దాకా రెండుసార్లు చదివాను. ఒక ఊరు తనంతట తాను కప్పులు విప్పి నీళ్ళు తెచ్చుకోవడం ఆ జాబితాలో లేదు. చివర "ఇతరం" అని ఉంది. దాని పక్కన చిన్న ఖాళీ.

"నీళ్ళు వచ్చాయి" అని ఇంగ్లీషులో రాశాను.

గంటలో గ్రెగ్ తిప్పి పంపాడు. క్లయింటు అయోమయపడతారట. కరువు అని పెట్టమన్నాడు. నీళ్ళొచ్చిన ఊరిని కరువులో వేయమన్నాడు మామా! తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ అదే రాసి పంపాను. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పంపాను. మూడోసారి నా డెస్క్ దగ్గరికొచ్చి, "దీపూ, ఇది ఒక్క గడి" అన్నాడు.

"అవును. ఒక్క బోరే" అన్నాను.

ఈసారి ప్రేమగా ఏదీ గుర్తుచేయలేదు. వెళ్ళిపోయాడు. రేపు ఏమవుతుందో తెలియదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. రాత్రి అమ్మకి అంతా చెప్పేశాను. "వాడు సిగరెట్లకి నీ కిడ్డీ బ్యాంకు పగలగొట్టినప్పుడే అనుకున్నా, మీరిద్దరూ ఒకటే జాతి" అంది. తిట్టో దీవెనో తేలలేదు.

ఇంకో చిన్న సంగతి. ఆ పట్టికలో ప్రతి వరస చివరా "నమోదు చేసినవారు" అని ఒక గడి ఉంటుంది. మా వాళ్ళు ఎప్పుడూ దాంట్లో "టీమ్" అని వేస్తారు. ములేకా వరసలో నేను అలా వేయలేదు. నా పేరు వేశాను, ఇంటిపేరుతో సహా. రేపు ఎవరైనా ఆ ఊరి గురించి లెక్కపెట్టినోడి పేరు కనుక్కోమంటే, ఈసారి వెతకనక్కర్లేదు.

దేదీప్య